బోరు నీళ్లతో షేవింగ్ సబ్బు సరిగా నురగ ఎందుకు రాదు?

బోరు నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం లవణాలు సబ్బును నురగ కట్టనివ్వవు. బ్రష్షు తడపడానికి, నురగ తీయడానికి శుద్ధి చేసిన క్యాను నీళ్లో వాన నీళ్లో వాడితే అదే సబ్బు చక్కగా నురగ ఇస్తుంది.

సంప్రదాయ షేవింగ్ సబ్బులో ప్రధానంగా ఉండేవి స్టియరిక్ ఆమ్లం వంటి కొవ్వు ఆమ్లాల పొటాషియం, సోడియం లవణాలు. ఇలా లవణాలు ఎక్కువగా ఉన్న నీటిని కఠిన జలం అంటారు; అందులోని కాల్షియం ఆ సబ్బుతో కలిసి నీటిలో కరగని తెల్లని తెట్టుగా మారుతుంది. బకెట్టు అంచున జిడ్డుగా పట్టుకొని ఉండేది అదే. నీటిలోని కాల్షియం, మెగ్నీషియం అంతా తెట్టుగా మారిపోయేదాకా సబ్బు ఎంత రుద్దినా వృథాయే.

ఉదాహరణకు కనిగిరి, పామూరు వైపు కఠినత్వం ఎక్కువగా ఉన్న బోరు నీళ్లతో బ్రష్షు తిప్పితే పలుచని బుడగలు లేచి, గడ్డానికి పూసేలోపే ఆరిపోతాయి. క్యాను నీళ్లలో 2 నిమిషాలు నానబెట్టిన బ్రష్షును బాగా విదిలించి, సబ్బుపై అర నిమిషం గుండ్రంగా తిప్పి, ఆపైన ఒక్కొక్క చుక్క నీరు చేరుస్తూ గిన్నెలో కలిపితే, బుడగలు కంటికి కనబడనంత నున్నగా, గేదె పెరుగు మీది మీగడలా నురగ చిక్కబడుతుంది. ఇందుకు 2, 3 చెంచాల నీరు చాలు. ముఖం కడగడానికి బోరు నీళ్లే వాడుకోవచ్చు.

ఆ నీళ్లతోనే షాంపూ నురగ వస్తోంది కనుక లోపం సబ్బుదేనని చాలామంది పొరబడతారు. షాంపూలో ఉండేది సబ్బు కాదు, కాల్షియానికి అంతగా లొంగని కృత్రిమ డిటర్జెంటు. ఇక కనిగిరి వైపు నీళ్లలో ఉండే ఫ్లోరైడుకు ఈ సమస్యతో సంబంధం లేదు. నీటిని కాచి చల్లార్చినా కఠినత్వంలో కొంత భాగమే పోతుంది.