పావురాల గింజల్లో దుమ్ము పోవాలంటే?

ప్రశ్న: మేడ మీద పావురాలు పెంచుతున్నాను. బేగంబజార్‌లో కొనే జొన్నలు, సజ్జలు, మొక్కజొన్నల్లో దుమ్ము, మట్టిబెడ్డలు ఎక్కువ. ఇంట్లో కడుక్కోవచ్చా?
– ఒక పాఠకుడు, యాకుత్‌పురా

జవాబు: కడగకండి, ముఖ్యంగా వానాకాలంలో, ఎందుకంటే కాస్త తడి మిగిలినా బూజు పడుతుంది, కొన్ని రకాల బూజులో పుట్టే అఫ్లాటాక్సిన్ అనే విషం పక్షి కాలేయాన్ని దెబ్బతీస్తుంది. పొడిగానే కానివ్వండి. ముందు జల్లెడ పట్టండి, సజ్జలకైతే మరీ సన్న జల్లెడ కావాలి, లేకపోతే గింజలూ జారిపోతాయి. తర్వాత మేడ మీదే టేబుల్ ఫ్యాన్ పెట్టి, దాని ముందు గింజలను ఎత్తు నుంచి టబ్‌లోకి సన్నగా ధార పోస్తే పొట్టు, తాలు ఎగిరిపోతాయి; చేటతో చెరగడం వచ్చినవాళ్లు ఇంట్లో ఉంటే ఫ్యాన్ కూడా అక్కర్లేదు. గింజంత బరువున్న బెడ్డలు గాలికి పోవు, చేత్తో ఏరాల్సిందే. మాస్క్ మాత్రం తప్పనిసరి, ఈ దుమ్ము మీ ఊపిరితిత్తులకీ మంచిది కాదు. ముక్కవాసన వచ్చినా, గింజలు ముద్దకట్టినా ఎంత జల్లించినా లాభం లేదు, డబ్బులు పోతే పోయాయి, పారేయండి. ఇంకోటి, పావురాలు గింజ నమలవు కదా, కందనకాయలో నలగడానికి గ్రిట్ (సన్న రాతి రవ్వ) విడిగా ఒక గిన్నెలో పెట్టండి.