“చివరిసారి మాట్లాడుకుందాం రా” అంటున్నాడు, చెల్లిని పంపమంటారా?

“మేం విజయవాడ సత్యనారాయణపురంలో ఉంటాం. చెల్లిని గుంటూరు ఇచ్చాం. పెళ్ళయి ఆరేళ్ళు. అనుమానం మొదటినుంచీ ఉంది. ఫోన్ లాక్కుని చూడటం, కూరగాయలకు వెళ్ళినా వీడియో కాల్ చేయమనడం. పది రోజుల క్రితం విడిపోదామని అడిగితే గొంతు పట్టుకున్నాడట. అప్పటినుంచి మా దగ్గరే ఉంది. రోహిణి కార్తె ఎండలో కూడా మెడ చుట్టూ చున్నీ తీయడం లేదు. ఇప్పుడేమో ‘చివరిసారి మాట్లాడుకుందాం, నీ సర్టిఫికెట్లు, బంగారం ఇచ్చేస్తా, ఒక్కదానివే రా’ అని మెసేజ్‌లు పెడుతున్నాడు. చదువుకున్నవాడు, అంతదాకా పోడులే, వెళ్ళి రమ్మంటోంది అమ్మ. పంపమంటారా?”
- ఒక అక్క

పంపకండమ్మా. మీరు తోడు వెళ్ళినా సరే, ఆ ఇంటికి మాత్రం వద్దు.

మీరు ఒక్క ముక్కలో రాసేసిన ‘గొంతు పట్టుకున్నాడట’ దగ్గరే నాకు భయమేసింది. చెయ్యి చేసుకోవడం ఎలాగూ తప్పే, కానీ గొంతు నొక్కడం దాన్ని దాటిపోయిన సంగతి. భర్త చేతిలో చనిపోయిన ఆడవాళ్ళ కేసులు తిరగేస్తే, అంతకుముందు ఎప్పుడో ఒకసారి గొంతు నొక్కిన సంగతి తరచుగా బయటపడుతుంది. పైగా ఆమె విడిపోతానని నోరు తెరిచిన తర్వాత వచ్చే రోజులు మరీ ప్రమాదం. మీ చెల్లెలు ఇప్పుడు సరిగ్గా ఆ రోజుల్లోనే ఉంది.

చదువుకున్నవాడన్న ధైర్యం పెట్టుకోకండి. 1995 జులైలో ఢిల్లీలో జరిగిన తందూర్ హత్య (శవాన్ని హోటల్ తందూర్ పొయ్యిలో కాల్చబోయిన కేసు) మీ అమ్మగారికి గుర్తుండే ఉంటుంది. చంపింది రౌడీ కాదు, పరపతి ఉన్న యువ నాయకుడు. భార్య ఫోన్‌లో మాట్లాడుతుంటే అనుమానంతో ఇంట్లోనే తుపాకీతో కాల్చి చంపాడు. కింది కోర్టు ఉరిశిక్ష వేస్తే, 2013లో సుప్రీంకోర్టు దాన్ని యావజ్జీవంగా మార్చింది. ఆ ఇంట్లోనూ అనుమానమే, చెడిన కాపురమే.

ముందు ఆసుపత్రికి తీసుకెళ్ళండి. పది రోజులైపోయింది కదా అనుకోవద్దు. బయట కమిలిన మచ్చ లేకపోయినా లోపల రక్తనాళం దెబ్బతినవచ్చు, దానివల్ల కొన్నాళ్ళకు పక్షవాతం కూడా రావచ్చు. గొంతు బొంగురుపోయిందా, ముద్ద మింగుతుంటే నొప్పిగా ఉందా, తలనొప్పి తగ్గడం లేదా అని అడగండి. డాక్టర్ దగ్గర జారిపడ్డానని చెప్పనివ్వకండి. ‘నా భర్త గొంతు నొక్కాడు’ అనే చెప్పించి, మెడికో లీగల్ కేసుగా (పోలీసులకు, కోర్టుకు పనికొచ్చే వైద్య రికార్డుగా) రాయించండి. మచ్చలు మిగిలి ఉంటే ఫొటోలు తీసి పెట్టుకోండి.

సర్టిఫికెట్లు, బంగారం కోసం గుంటూరు వెళ్ళాల్సిన పని లేదు. 2005 గృహహింస చట్టం ప్రకారం ఆమె ఇప్పుడు ఉంటున్న విజయవాడలోనే మేజిస్ట్రేట్ దగ్గర పిటిషన్ వేయవచ్చు. ఆమె వస్తువులు తిరిగి ఇచ్చేయమని, ఆమె జోలికి రావద్దని కోర్టు ఆర్డర్ ఇవ్వగలదు. రక్షణ ఆర్డర్ మీరితే ఏడాది దాకా జైలు. పిటిషన్ రాయడానికి ఆ చట్టం కింద ప్రభుత్వం నియమించిన రక్షణాధికారి సాయం చేస్తారు. మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేస్తే దారి చూపిస్తారు. పోలీసు ఫిర్యాదు కూడా ఇక్కడే ఇవ్వవచ్చు, ‘గుంటూరు వెళ్ళండి’ అంటే జీరో ఎఫ్‌ఐఆర్ (నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా కట్టే కేసు) కట్టమని అడగండి. అతను మీ గుమ్మంలోకి వస్తే తలుపు తీయకుండా అత్యవసర నంబరు 112కి కొట్టండి.

అతని మెసేజ్‌లు ఒక్కటి కూడా డిలీట్ చేయకండి. స్క్రీన్‌షాట్లు మీ ఫోన్‌లోకి పంపుకోండి. అన్నాళ్ళు ఆమె ఫోన్ అతని చేతుల్లో ఉంది కాబట్టి పాస్‌వర్డ్‌లు వేరే ఫోన్ నుంచి మార్చండి, లొకేషన్ షేరింగ్ ఆపేయండి. జవాబు ఇవ్వాల్సివస్తే లాయరు ద్వారానే. పెద్దమనుషుల్లో పెడదామని ఎవరైనా అంటే, మీ చెల్లెల్ని అతని ఎదురుగా కూర్చోబెట్టే మాట అయితే ఒప్పుకోకండి.

మీ అమ్మగారి మీద కోపం తెచ్చుకోకండి. కూతురి కాపురం నిలబడాలన్న ఆశతో అంటున్నారు. ఆవిడ ఇంకా ఆ మెడ చూసి ఉండరు. చెల్లెలు సరేనంటే, ఈ రాత్రి ముగ్గురే ఉన్నప్పుడు ఆ చున్నీ తీసి అమ్మకు చూపించమనండి.