చదువుల ఉత్తరాలు: వీఆర్ నేర్చుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడు వీఆర్ చదువు మీదే ఉన్నాయి (వర్చువల్ రియాలిటీ, అంటే కళ్లకి హెడ్‌సెట్ కట్టుకుంటే కంప్యూటర్ గీసిన లోకంలో ఉన్నట్టే అనిపించేది), మూడూ ఒడిశా సరిహద్దు ఊళ్ల నుంచే. నేనూ బరంపురంలో పెరిగినదాన్నే. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా, కాలేజీకి వెళ్లాక ఒక్కసారిగా ఇంగ్లీషు. అందుకే ఈ నెల పేజీ అంతా వీటికే ఇస్తున్నాను.

ప్రశ్న: అక్కా, మాది పర్లాకిమిడి. బీటెక్ సీఎస్‌ఈ ఫైనలియర్. కాలేజీలో ఒకసారి వీఆర్ హెడ్‌సెట్ పెట్టుకుని చూశాను, అప్పటి నుంచి ఇదే చెయ్యాలని ఉంది. నాన్నది కిరాణా కొట్టు. ఊరు కాని ఊళ్లో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఆరు నెలల వీఆర్ కోర్సుకి లక్షన్నర అడుగుతున్నారు, ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. మావయ్య చేరిపొమ్మంటున్నారు. ఎంటెక్ చేస్తే రెండేళ్లు వృథా అవుతాయా? ఒకటే టెన్షన్‌గా ఉంది.

జవాబు: చెల్లీ, ఆ లక్షన్నర కట్టొద్దు. ముందు ఈ మాట చెప్పేసి మిగతాది మాట్లాడతాను, ఎందుకంటే అడ్వాన్స్ కట్టాక ఉత్తరం రాసేవాళ్లు నాకు ఇంతకుముందు తగిలారు.

అలాంటి కోర్సుల్లో ఎక్కువగా చెప్పేది యూనిటీలో, అంటే గేములూ వీఆర్ దృశ్యాలూ తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లో, ఏ బటన్ నొక్కితే ఏమవుతుంది అన్నదే. అది తప్పని కాదు, కానీ అదంతా ఇంట్లో కూర్చుని ఉచితంగా నేర్చుకోవచ్చు, పైగా సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ రాగానే సగం మారిపోతుంది. మారనిది వేరే ఉంది. హెడ్‌సెట్‌లో బొమ్మ సెకనుకి 90 సార్లు మారాలంటే ఒక్కో బొమ్మ గీయడానికి దొరికేది 11 మిల్లీసెకన్లే, ఆ కాస్త సమయంలోనే రెండు కళ్లకీ రెండు కోణాల్లో గీయాలి. నువ్వు తల తిప్పాక కొత్త దృశ్యం కంటికి చేరడానికి 20 మిల్లీసెకన్లు దాటితే తేడా తెలిసిపోతుంది, కడుపులో తిప్పడం మొదలవుతుంది. ఆ సమయాన్ని ఎక్కడ మిగల్చాలో తెలియాలంటే ఆపరేటింగ్ సిస్టమ్ రావాలి, గ్రాఫిక్స్ కార్డు లోపల ఏం జరుగుతుందో తెలియాలి, మ్యాట్రిక్సులు కళ్లు మూసుకుని చెయ్యగలగాలి. అమెరికా కంప్యూటర్ శాస్త్రవేత్త ఐవన్ సదర్లాండ్ 1968లో తలకి పెట్టుకునే డిస్‌ప్లే చేసి చూపించినప్పుడు అది పైకప్పు నుంచి వేలాడేంత బరువుండేది. ఇప్పుడది ముఖానికి కట్టుకునేంత అయింది గానీ దాని వెనకున్న లెక్క అదే లెక్క. ఆ లెక్క మీద పట్టు తెచ్చుకోవడానికే ఎంటెక్, అందులో రెండేళ్లు పెడితే వృథా అనుకోకు.

దానికి దారి గేట్, ఎంటెక్ సీట్ల కోసం దేశమంతా రాసే పరీక్ష. సీఎస్ పేపర్ 100 మార్కులు, మూడు గంటలు, 65 ప్రశ్నలు. జనరల్ ఆప్టిట్యూడ్‌కి 15 మార్కులు, ఇంజనీరింగ్ మ్యాథ్స్‌కి 13, మిగతా 72 అసలు సబ్జెక్టులకి. ఒకటి ముందే చెప్పాలి, లేకపోతే నిరుత్సాహపడతావు: ఆ సిలబస్‌లో కంప్యూటర్ గ్రాఫిక్స్ లేదు. అందుకని గ్రాఫిక్స్ చదవడం మానకు, అలాగని గేట్‌ని చిన్నచూపు చూడకు. పొద్దున్న గేట్, రాత్రి ఒక గంట నీ ఇష్టం, అలా పెట్టుకో. పరీక్ష ఫిబ్రవరిలో, దరఖాస్తులు మామూలుగా ఆగస్టు చివర్లోనో సెప్టెంబర్‌లోనో మొదలవుతాయి. స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. గేట్ స్కోరుతో ఐఐటీల్లోనో ఎన్ఐటీల్లోనో ఎంటెక్ సీటు వస్తే నెలకి 12,400 రూపాయల స్టైపెండ్ ఉంటుంది, దానికి ప్రతిగా వారానికి కొన్ని గంటలు జూనియర్లకి ల్యాబుల్లో సాయం చెయ్యాలి. ఈ సంగతి మీ మావయ్య దగ్గర కాకుండా నాన్న దగ్గర చెప్పు, కొట్లో కూర్చుని లెక్క వేసుకునే మనిషికి ఇది ఇట్టే అర్థమవుతుంది.

సీటు ఎక్కడ అంటే, ఐఐటీ జోధ్‌పూర్‌లో ఏఆర్ (ఆగ్మెంటెడ్ రియాలిటీ, కంటి ముందున్న నిజమైన దృశ్యం మీదే బొమ్మలు చూపించేది), వీఆర్ పేరుతోనే ఎంటెక్ ఉంది. మనకి దగ్గర్లో ఐఐటీ భువనేశ్వర్‌లో వీఆర్ కోసం వర్కో అనే ప్రత్యేక కేంద్రం ఉంది. ఐఐటీ మద్రాస్‌లో అలాంటిదే ఎక్స్‌టిక్ అనే కేంద్రం ఉంది. ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌కి పీజీఈఈ అని సొంత ప్రవేశ పరీక్ష ఉంది, గేట్ బాగా రాయకపోయినా అక్కడ ప్రయత్నించవచ్చు. నన్నడిగితే కోర్సు పేరులో వీఆర్ ఉందా లేదా అని చూడకు. మామూలు సీఎస్ ఎంటెక్ అయినా సరే, థీసిస్ చేయించే ప్రొఫెసర్ గ్రాఫిక్స్ మీదో కంప్యూటర్ విజన్ (కెమెరా బొమ్మల్ని కంప్యూటర్ అర్థం చేసుకోవడం) మీదో పనిచేస్తున్నారా అన్నది చూడు. కౌన్సెలింగ్‌కి ముందే వాళ్ల పేపర్లు రెండు చదివి మెయిల్ రాయి.

ఇంకొకటి, ఇది మన సరిహద్దు వాళ్లకే వచ్చే చిక్కు. ఓబీసీ రిజర్వేషన్ ఉందనుకుంటే, నీ సర్టిఫికెట్ ఒడిశాది కాబట్టి ఒడిశాకి సంబంధించిన కేంద్ర జాబితాలో నీ కులం ఉండాలి. శ్రీకాకుళంలో మీ పెదనాన్న పిల్లలకి వచ్చింది కదా అని ఊరుకుంటే కౌన్సెలింగ్ రోజున ఏడవాల్సి వస్తుంది. రాష్ట్ర జాబితా వేరు, కేంద్ర జాబితా వేరు. ఇప్పుడే తహసీల్ ఆఫీసుకి వెళ్లి కనుక్కో.

ప్రశ్న: నమస్తే అక్కా. బరంపురంలో బీటెక్ మూడో ఏడు చదువుతున్నాను. నా దగ్గర 8 జీబీ ల్యాప్‌టాప్ ఒక్కటే ఉంది, హెడ్‌సెట్ కొనే స్తోమత లేదు. ఎంటెక్ ఇంటర్వ్యూలో చూపించడానికి ఏదైనా ప్రాజెక్ట్ చెయ్యాలి. యూనిటీనా, అన్‌రియలా?

జవాబు: తమ్ముడూ, నీ ల్యాప్‌టాప్‌కి యూనిటీ. అది సీ షార్ప్‌తో నడుస్తుంది. అన్‌రియల్ కూడా అలాంటి సాఫ్ట్‌వేరే, అందులో కోడ్ రాయాలంటే సీ ప్లస్ ప్లస్, 8 జీబీలో అది తెరుచుకునే లోపు టీ తాగి రావచ్చు. హెడ్‌సెట్ లేకపోయినా యూనిటీలో ఎక్స్‌ఆర్ డివైస్ సిమ్యులేటర్ ఉంది, కీబోర్డూ మౌసుతోనే తలా చేతులూ కదిపి చూసుకోవచ్చు. నీ ఫోన్‌లో జైరోస్కోప్ (ఫోన్ ఎటు తిరిగిందో పసిగట్టే సెన్సర్) ఉంటే, ఫోన్ దూర్చి కళ్ల దగ్గర పెట్టుకునే కార్డ్‌బోర్డ్ అట్ట పెట్టె చాలు, గూగుల్ 2014లో తెచ్చినదే. అందులో తల తిప్పడం మాత్రమే తెలుస్తుంది, ముందుకి వంగితే తెలియదు, ఆ పరిమితికి తగ్గట్టు ప్రాజెక్ట్ ఎంచుకోవాలి. బొమ్మలకి బ్లెండర్, అది పూర్తిగా ఉచితం. ఎన్‌పీటీఈఎల్ అనే ఆన్‌లైన్ పాఠాల వేదికలో వీఆర్ పరిశోధకుడు స్టీవెన్ లావాల్ ఐఐటీ మద్రాస్‌లో చెప్పిన వీఆర్ పాఠాలున్నాయి, కన్ను, చెవి, లెక్క అన్నీ ఓపిగ్గా చెప్తారు. ఇంగ్లీషు వేగంగా అనిపిస్తే తగ్గించుకుని విను, నేను అలాగే విన్నాను.

ప్రాజెక్ట్ సంగతి నాకు చాలా ఇష్టమైన విషయం. అందరూ సోలార్ సిస్టమ్ చేస్తారు, నువ్వు చెయ్యకు. మన నౌపడ నుంచి పర్లాకిమిడి మీదుగా గుణుపురం వెళ్లే చిన్న రైలు ఉండేది కదా, నేరో గేజ్‌ది. 2004లో ఆపేశారు, తర్వాత అదే దారిలో పెద్ద లైన్ వచ్చింది. ఆ పెట్టెలో కిటికీ పక్కన కూర్చుని వెళ్లడం ఒక్కటే చెయ్యి, ఐదు నిమిషాలు. మనిషి కూర్చునే ఉంటాడు కాబట్టి కార్డ్‌బోర్డ్‌కి సరిగ్గా సరిపోతుంది. ఇందులో అసలైన ఇంజనీరింగ్ సమస్య కూడా ఉంది: కళ్లకి రైలు కదులుతున్నట్టు ఉంటుంది, లోపలి చెవికి మాత్రం కదలిక తెలియదు, ఆ రెండింటికీ పొత్తు కుదరకపోతేనే వికారం. లోపలి చెవి పట్టుకునేది వేగంలో మార్పుని. అందుకే రైలు నిలకడగా వెళ్తున్నంతసేపూ పెద్ద ఇబ్బంది ఉండదు, బయల్దేరేటప్పుడూ ఆగేటప్పుడూ మలుపులోనూ తిప్పుతుంది. కిటికీ చట్రం, ఎదురు బల్ల కదలకుండా కనిపిస్తూ ఉంటే చాలామందికి తగ్గుతుంది. చట్రంతో ఒకటి, చట్రం లేకుండా ఒకటి చేసి పదిమందికి చూపించి ఎవరికి ఎప్పుడు తల తిరిగిందో రాసుకో. మీ తాతయ్యకి కూడా చూపించు, ఆ రైలెక్కినవాళ్లైతే కూత ఎలా ఉండేదో ఆయనే సరిచేస్తారు. ఇంటర్వ్యూలో ఆ కాగితం చూపిస్తే వాళ్లు అడిగే ప్రశ్నలే మారిపోతాయి.

ప్రశ్న: అమ్మా, నేను రాయగడలో పేపర్ మిల్లులో పనిచేసి రిటైరయ్యాను. మా అమ్మాయి వీఆర్‌లో ఎంఎస్‌కి విదేశాలు వెళ్తానంటోంది. ఇల్లు తాకట్టు పెట్టమంటారా?

జవాబు: బాబాయ్‌గారూ, అడ్మిషన్ ఉత్తరం చేతికి రాకముందు ఇంటి కాగితాలు బయటికి తియ్యకండి. విద్యా రుణం 7.5 లక్షల వరకు బ్యాంకులు తాకట్టు లేకుండానే ఇచ్చే పథకం ఉంది, ఆ పైన అడిగితేనే ఆస్తి చూపమంటారు. అమెరికా ఎంఎస్‌కి ఎక్కువమంది సొంత ఖర్చుతోనే వెళ్తారు. పీహెచ్‌డీకైతే సాధారణంగా యూనివర్సిటీయే ఫీజు కట్టి జీతం ఇస్తుంది. జర్మనీలో చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజు లేదు, కానీ వీసాకి ఏడాది ఖర్చు ముందే బ్లాక్డ్ అకౌంట్‌లో (నెలనెలా కొంత మాత్రమే తీసుకోనిచ్చే ఖాతా) చూపాలి, 2024 సెప్టెంబర్ నుంచి అది 11,904 యూరోలు. మన డిగ్రీ కాగితాలు సరైనవేనని జర్మనీ వాళ్లు పరిశీలించి ఇచ్చే ఏపీఎస్ సర్టిఫికెట్ కూడా కావాలి.

మీ అమ్మాయిని ఒక్క మాట అడగండి. తను వెళ్లాలనుకునే చోట వీఆర్ మీద పనిచేసే ముగ్గురు ప్రొఫెసర్ల పేర్లు, వాళ్లు ఏం చేస్తున్నారో తెలుగులో మీకు చెప్పమనండి. చెప్పగలిగితే బ్యాంకుకి ఇద్దరూ కలిసి వెళ్లండి. తడబడితే ఒక ఏడాది ఆగి, గేట్ రాయించి, ఆ ఏడాదిలో ఏదైనా ఒకటి తన చేత్తో చేసి చూపించమనండి.