కారు డోర్ రబ్బర్లకు మామూలు గ్రీజు, పెట్రోలియం జెల్లీ రాయవచ్చా?

రాయకూడదు, వాటి బదులు సిలికాన్ గ్రీజు గానీ సిలికాన్ స్ప్రే గానీ వాడాలి.

చాలా కార్లలో డోర్ చుట్టూ ఉండేది ఈపీడీఎం అనే రబ్బరు. ఎండావానలను బాగా తట్టుకుంటుంది గానీ, మామూలు గ్రీజులో, పెట్రోలియం జెల్లీలో ఉండే పెట్రోలియం నూనెలు దీనికి పడవు. రబ్బరు, నూనె రెండూ హైడ్రోకార్బన్లే (కార్బన్, హైడ్రోజన్‌లతో ఏర్పడినవే) కాబట్టి నూనె మెల్లగా రబ్బరులోకి ఇంకిపోతుంది. దాంతో రబ్బరు ఉబ్బి, మెత్తబడి, బిగువు కోల్పోతుంది. సిలికాన్ అలా ఇంకదు, పైన పలుచని పొరలా ఉండిపోతుంది.

ఉదాహరణకు, డోర్ తీసేటప్పుడు రబ్బరు అంటుకుని చర్రుమంటూ ఊడివస్తోందనుకోండి. ముందు తడిగుడ్డకు కొంచెం షాంపూ అద్ది రబ్బరును తుడవండి. మడతల లోపల చూడండి, నల్లటి ఇసుకపొడి అక్కడే దాక్కుంటుంది. అసలు అరుగుదల దానివల్లే, అందుకే ఈ పని మాత్రం వదలొద్దు. పూర్తిగా ఆరాక సిలికాన్‌ను గుడ్డ మీద కొట్టి పలుచగా రుద్దండి. నేరుగా కొడితే అద్దాల మీద, పెయింట్ మీద పడి మరకలవుతాయి. రెండు మూడు నెలలకోసారి చేస్తే చాలు.

రబ్బరు నల్లగా నిగనిగలాడితే బాగున్నట్టే అని చాలామంది అనుకుంటారు. గ్రీజు రాసినా ఆ మెరుపు వస్తుంది, కానీ ఆ జిడ్డుకే దుమ్ము పట్టేస్తుంది. బిగువు తెలియాలంటే కాగితం ముక్క మధ్యలో పెట్టి డోర్ వేసి, మెల్లగా లాగి చూడండి. సులువుగా జారి వచ్చేస్తే అక్కడ రబ్బరు సరిగా ఆనడం లేదన్నమాట. చిరిగినా, గట్టిపడి పగిలినా ఏ స్ప్రే పనిచేయదు, మార్చాల్సిందే.