సుబాబుల్ పిలకలు మేసిన గొర్రెలకు బొచ్చు ఊడిపోతోంది, ఏం చేయాలి?

ప్రశ్న: సార్, మాది కనిగిరి దగ్గర పల్లె. సుబాబుల్ కర్ర కొట్టించి పేపర్ మిల్లుకు తోలాం. ఇప్పుడు మోడులకు పిలకలు గుబురుగా వచ్చాయి. బయట మేత లేక నెలన్నరగా మందనంతా ఆ చేలోనే వదులుతున్నాం. గొర్రెలకు వీపు మీద, పక్కల్లో బొచ్చు కుచ్చులు కుచ్చులుగా ఊడిపోతోంది. కొన్నిటికి చొంగ కారుతోంది. ఈ మధ్య ఈనిన రెండు పిల్లలకు గొంతు దగ్గర గడ్డలా ఉంది. గజ్జి అనుకుని మందు పట్టించినా తగ్గలేదు. ఇది నాము లాంటిదేనా? మోడులు పీకించేయమని కొందరంటున్నారు, బాగా టెన్షన్‌గా ఉంది.

జవాబు: మోడులు పీకించకండి. మందను ఆ చేలోకి వదలడం మాత్రం ఈ రోజే ఆపేయండి, చూడి గొర్రెల్ని అన్నిటికంటే ముందు బయటికి తీయండి.

ఇది నాము కాదు. జొన్న నాములో పనిచేసేది సైనైడ్, లేత జొన్న పిలక మేసిన గొడ్డు గంటల్లోనే, ఒక్కోసారి నిమిషాల్లోనే పడిపోతుంది. సుబాబుల్ అలా కాదు, వారాల తరబడి మెల్లగా దెబ్బ తీస్తుంది, అందుకే దీన్ని గజ్జి అనో ఖనిజ లోపం అనో పొరబడి డబ్బు తగలేస్తుంటారు. బొచ్చు ఊడిన చోట చర్మాన్ని వెలుతురులో చూడండి. గజ్జి అయితే పొక్కులు కట్టి, చర్మం మందమై, గొర్రె గోడకు రుద్దుకుంటూ ఉంటుంది. సుబాబుల్ వల్ల అయితే చర్మం శుభ్రంగా ఉంటుంది, పక్కనున్న బొచ్చును రెండు వేళ్లతో మెల్లగా లాగితే కుచ్చు చేతికి వచ్చేస్తుంది, గొర్రె బెదరదు కూడా. పిల్లల గొంతు కూడా తడమండి. దవడ కింద మెత్తగా నీరు దిగినట్టుండి, వేలితో నొక్కితే గుంట పడితే అది నట్టలో కాలేయపు జలగలో అయ్యుండొచ్చు. గొంతు మధ్యలో రెండు పక్కలా గట్టిగా తగిలితే అది థైరాయిడ్ గ్రంథి వాపు, మీరు రాసిన మిగతా లక్షణాలతో కలిపి చూస్తే నా అనుమానం దాని మీదే.

సుబాబుల్ ఆకులో మైమోసిన్ అనే పదార్థం ఉంటుంది, లేత చిగుళ్లలోనూ గింజల్లోనూ మరీ ఎక్కువ. పారిపోలేని చెట్టు తన లేత భాగాల్ని కాపాడుకునే పద్ధతి అది. మీ మంద మేసింది సరిగ్గా ఆ చిగుళ్లనే. మైమోసిన్ చూడ్డానికి టైరోసిన్ అనే మామూలు అమైనో ఆమ్లంలా ఉంటుంది, దొంగ నోటులా ఒంట్లో చెలామణి అయి వెంట్రుక మొదట్లో కణాలు పెరగకుండా ఆపేస్తుంది, అక్కడ వెంట్రుక బలహీనమై ఊడిపోతుంది. దీంతో గొర్రెల ఉన్ని కత్తిరించకుండానే ఊడదీయొచ్చా అని ఆస్ట్రేలియాలో ప్రయోగాలు కూడా చేశారు.

అసలు చిక్కు తర్వాతి మెట్టులో ఉంది. నెమరేసే పశువు పెద్ద పొట్టలోని సూక్ష్మజీవులు మైమోసిన్‌ను విడగొట్టి డీహెచ్‌పీ అనే మరో పదార్థంగా మారుస్తాయి. దాంతో బొచ్చు బెడద కొంత తగ్గుతుంది కానీ, ఈ డీహెచ్‌పీ థైరాయిడ్ గ్రంథి పనిని అడ్డుకుంటుంది. గొంతు వాపు, చొంగ, మేత తగ్గడం, బరువు పెరగకపోవడం, వాపుతో పిల్లలు పుట్టడం దాని వల్లే. అయోడిన్ ఉప్పు ఒక్కటే పెడితే ఇది తగ్గదు, మేత మారాల్సిందే.

మరి ఏళ్ల తరబడి సుబాబుల్ మేసినా ఏమీ కాని మందలు ఉన్నాయి కదా అంటారా? నిజమే, ఈ శాస్త్రంలో నాకు చాలా ఇష్టమైన భాగం కూడా అదే. ఆస్ట్రేలియాలోని సీఎస్ఐఆర్ఓ అనే ప్రభుత్వ పరిశోధన సంస్థ శాస్త్రవేత్త రేమండ్ జోన్స్‌కు ఇదే సందేహం వచ్చింది, అక్కడి పశువులు జబ్బు పడుతుంటే హవాయి దీవుల్లో మేకలు సుబాబుల్ దండిగా మేసి కూడా హాయిగా ఉన్నాయి. హవాయి మేకల పొట్టలో డీహెచ్‌పీని కూడా తినేసే బ్యాక్టీరియా ఉందని తేలింది. 1980ల్లో ఆ పొట్ట ద్రవాన్ని తెచ్చి ఆస్ట్రేలియా పశువులకు ఎక్కిస్తే వాటికీ ఆ శక్తి వచ్చింది, మందలో కొన్నిటికి పట్టిస్తే మిగతావాటికీ పాకింది. 1992లో ఆ బ్యాక్టీరియాకు జోన్స్ పేరు మీదే సినర్జిస్టెస్ జోన్సీ అని పేరు పెట్టారు. ఇండోనేషియా పశువుల మీద తర్వాత జరిగిన పరిశోధనలు కాలేయం కూడా డీహెచ్‌పీ విషాన్ని తగ్గించి మూత్రంలో పంపేస్తుందని చెబుతున్నాయి, అంటే కథంతా ఒక్క బ్యాక్టీరియాదే కాదు. మీ మందకైతే ఒక్కసారిగా, వేరే మేత లేకుండా, చిగుళ్లే దొరికాయి. పొట్ట అలవాటు పడే వ్యవధే లేకపోయింది.

ఇప్పుడు చేయాల్సింది చెబుతాను. రెండు మూడు వారాలు సుబాబుల్ పూర్తిగా మానేసి జొన్న చొప్ప, వేరుశనగ కట్టె, ఏ ఎండు గడ్డి దొరికితే అది పెట్టండి, తోడుగా ఖనిజ లవణ మిశ్రమం ఇవ్వండి. మేత మార్చాక బొచ్చు మళ్లీ వస్తుంది, ఖంగారు పడొద్దు. వాపుతో పుట్టిన పిల్లలు నీరసంగా ఉంటాయి, లేచి పొదుగు అందుకోలేకపోతే పాలు పిండి తాగించండి, వెచ్చగా ఉంచండి.

ఆ తర్వాత సుబాబుల్ మళ్లీ పెట్టుకోవచ్చు, ఎండు లెక్కన ఆకులో మాంసకృత్తులు 20 నుంచి 25 శాతం దాకా ఉంటాయి, ఇంత మంచి మేతను వదులుకోవడం దండగ. కానీ మొత్తం మేతలో మూడో వంతు దాటొద్దు. 30 కిలోల గొర్రెకు రోజుకు ఒక కిలో పచ్చి రొట్ట, అది కూడా కొద్దికొద్దిగా మొదలుపెట్టి రెండు వారాల్లో ఆ మోతాదుకు రావాలి. చేలో వదిలి మేపడం కంటే మోడుకు బలమైన పిలకలు రెండు మూడు ఉంచి మిగతావి కోసి తెచ్చి వేయండి, మీ కర్ర దిగుబడికీ అదే మంచిది. రొట్టను వాడబెట్టి వేస్తే మైమోసిన్ తగ్గుతుంది, అయితే అందులో కొంత డీహెచ్‌పీగానే మారుతుంది కాబట్టి వాడబెట్టాం కదా అని మోతాదు పెంచకండి. ఇంట్లో కుందేళ్లు, గాడిదలు, పందులు ఉంటే వాటికి మాత్రం పెట్టొద్దు, వాటికి నెమరేసే పొట్ట లేదు, మైమోసిన్ నేరుగా ఒంట్లో చేరుతుంది.

మీ పశువైద్యుడిని పిలిపించి గొంతు వాపు చూపించండి, నట్టల కోసం పేడ పరీక్ష కూడా చేయించండి. బొచ్చు ఎక్కువగా ఊడిన రెండు గొర్రెల మూత్రం సీసాలో పట్టి ఇస్తే ఫెర్రిక్ క్లోరైడ్ చుక్కలతో డీహెచ్‌పీ ఉందో లేదో తెలుస్తుంది. అయితే ఆ మూత్రం మేత మార్చక ముందే పట్టాలి, కాబట్టి ఈ పూటే పట్టించండి.