ఉలులు, డ్రిల్ బిట్లు సాన పట్టడానికి బెంచ్ గ్రైండర్: 6 అంగుళాలా, 8 అంగుళాలా?

ఉలులు, డ్రిల్ బిట్లు, అప్పుడప్పుడూ కొడవళ్లు సాన పట్టడానికే అయితే 6 అంగుళాల వ్యాసం రాయి ఉన్న బెంచ్ గ్రైండర్ (బల్ల మీద బిగించే సాన మిషన్) చాలండి. రెండు సైజులూ మన కరెంటు మీద దాదాపు 2,850 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) తిరుగుతాయి. అంచు వేగం మాత్రం 6 అంగుళాల రాయికి సెకనుకు సుమారు 22 మీటర్లు, 8 అంగుళాలకి 30. వేగం పెరిగితే ఉలి కూడా తొందరగా కాలుతుంది.

కొత్త మిషన్‌తో వచ్చే బూడిదరంగు రాళ్లు మామూలు ఇనప పనికి. ఉలికి 60 లేదా 80 గ్రిట్ (రాయి గరుకుదనం కొలత) తెల్ల రాయి వేయండి, వేడి తగ్గుతుంది. కార్బైడ్ (ఉక్కు కన్నా బాగా గట్టి పదార్థం) మొనకైతే ఆకుపచ్చ రాయే. అల్యూమినియం, ఇత్తడి మాత్రం ఏ రాయి మీదా పెట్టకండి. మెత్తటి లోహం రాయి గరుకులో కూరుకుపోతుంది. ఇక కోత ఉండదు, ఒరుసుకుని వేడెక్కి రాయి పగిలే ప్రమాదం ఉంది.

రాయి బిగించే ముందు తప్పకుండా మోగించి చూడాలి. సంతలో కుండని వేలితో కొట్టి చూస్తాం కదా, అదే పద్ధతి. పొడి రాయిని మధ్య రంధ్రంలో వేలు దూర్చి వేలాడదీసి, స్క్రూడ్రైవర్ ప్లాస్టిక్ పిడితో అంచుకి అంగుళంన్నర లోపల నాలుగు చోట్ల తట్టండి. ఖంగుమంటే మంచిది. బద్దలైన కుండలా బొంగురుగా పలికితే లోపల చీలిక ఉన్నట్టే, పారేయండి. రాయి మీద రాసిన ఆర్‌పీఎం మోటారు కన్నా ఎక్కువ ఉండాలి. రెండు పక్కలా అంటించిన కాగితం పీకకండి, ఫ్లాంజ్ (రాయిని రెండు పక్కలా నొక్కి పట్టే బిళ్ల) ఒత్తిడి సమంగా పంచేది అదే. ఎడమ పక్క నట్టుకి ఎదురు మర ఉంటుంది, అంటే కుడివైపుకి తిప్పితే ఊడుతుంది. బలమంతా పెట్టి బిగిస్తే రాయి చిట్లుతుంది. బిగించాక పక్కకి నిలబడి ఒక నిమిషం ఖాళీగా తిరగనివ్వండి.

వేళ్లు పోయేది ఎక్కువగా టూల్ రెస్ట్ (పనిముట్టుని ఆనించే రాయి ముందరి పలక) దగ్గర. రెస్ట్‌కీ రాయికీ మధ్య సందు 3 మిల్లీమీటర్లు దాటకూడదు, పైన నిప్పురవ్వలు ఆపే రేకు దగ్గర 6. రాయి అరిగే కొద్దీ సందు పెరుగుతుంది, సాన పట్టే వస్తువు అందులోకి దిగి ఇరుక్కుంటుంది. మిషన్ ఆపి, రాయి పూర్తిగా నిలిచాకే సరిచేయండి. గాజు కళ్లజోడు చాలదు, ముఖానికి షీల్డ్ కావాలి. చేతికి గ్లౌజులు మాత్రం వద్దు, లాగేస్తాయి. రాయి పక్క భాగం మీద రుద్దొద్దు.

ఉలిని రెండు మూడు సెకన్లకోసారి నీళ్లలో ముంచండి. మొన నీలం తిరిగిందంటే అక్కడ పదును నిలవదు, ఆ నీలం పోయేదాకా అరగదీయాల్సిందే. హైస్పీడ్ స్టీలు డ్రిల్ బిట్‌ని ఎర్రగా కాలాక నీళ్లలో ముంచితే సన్నని పగుళ్లొస్తాయి, దాన్ని గాలికే ఆరనివ్వండి. ఆ నీళ్లు రాయి మీద పడనివ్వకండి. ఆగి ఉన్న రాయి ఒకవైపు నీళ్లు పీల్చుకుంటే మర్నాడు స్విచ్ వేయగానే బల్లంతా అదురుతుంది.