గదిలోంచి బయటికి రాని అమ్మాయి హోస్ట్ ఫ్యామిలీతో ఉండగలదా?

ప్రశ్న: మా అమ్మాయికి పదహారేళ్లు. హైస్కూల్ ఎక్స్ఛేంజ్ ప్రోగ్రామ్‌లో ఏడాదిపాటు అమెరికా వెళ్లడానికి ఎంపికైంది. మూడు నెలల్లో ప్రయాణం. అక్కడ హోస్ట్ ఫ్యామిలీతో ఉండాలట. తను మితభాషి. ఏదీ నోరు తెరిచి అడగదు, ఎప్పుడూ తన గదిలోనే ఉంటుంది. ముక్కూమొహం తెలియనివాళ్ల ఇంట్లో ఎలా నెట్టుకొస్తుందోనని దిగులుగా ఉంది. పంపమంటారా?

జవాబు: పంపండమ్మా. తక్కువ మాట్లాడటం ఇబ్బందేమీ కాదు. కానీ ‘ఏదీ అడగదు’ అన్నారు చూడండి, ఈ మూడు నెలలూ మీరు దృష్టి పెట్టాల్సింది దానిమీదే.

ముందు భద్రత సంగతి. ఎక్స్ఛేంజ్ ప్రోగ్రామ్‌లకిచ్చే జె-1 వీసామీద హైస్కూల్ పిల్లల్ని తీసుకెళ్లే సంస్థలకు అమెరికా విదేశాంగ శాఖ గట్టి నిబంధనలే పెట్టింది. ఆ ఇంట్లో 18 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరి నేరచరిత్రనూ తనిఖీ చేయాలి. సంస్థ తరఫు మనిషి స్వయంగా ఇంటికెళ్లి చూడాలి. మీ అమ్మాయికి విడిగా మంచం ఉండాలి, గాలి నింపే పరుపుతో సరిపెట్టకూడదు. సంస్థ తరఫున అక్కడ పిల్లల్ని కనిపెట్టుకునే లోకల్ కోఆర్డినేటర్ నెలకొకసారైనా ఆమెతో మాట్లాడాలి. ఇవన్నీ కాగితం మీద ఉన్న రక్షణలు. ఏదైనా తేడా వస్తే ఆమె నోరు విప్పితేనే అవి పనిచేస్తాయి.

ఇంకో విషయం చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. ఈ ప్రోగ్రామ్‌లో హోస్ట్ ఫ్యామిలీకి డబ్బులివ్వరు. ఇంట్లో ఇంకో బిడ్డ తిరుగుతుంటే బాగుంటుందన్న ఇష్టంతోనే వాళ్లు ఒప్పుకుంటారు. అలాంటి ఇంట్లో మీ అమ్మాయి తలుపేసుకుని కూర్చుంటే, ‘నేను ఎవరికీ అడ్డు రావడం లేదు’ అని తను అనుకుంటుంది. ‘మేం ఈ పిల్లకు నచ్చలేదు కాబోలు’ అని వాళ్లు బాధపడతారు. హోస్ట్ ఇళ్లలో వచ్చే పొరపొచ్చాలు చాలావరకు ఇలాంటి మౌనంలోంచే పుడతాయి. చదువుకోవాల్సింది ఉంటే పుస్తకం పట్టుకుని హాల్లో కూర్చోమనండి. మాట్లాడకపోయినా ఫర్వాలేదు, వాళ్ల మధ్య ఉంటే చాలు.

రోటరీ క్లబ్బులు నడిపే రోటరీ యూత్ ఎక్స్ఛేంజ్‌లో పిల్లలకు ‘మొదటి రాత్రి ప్రశ్నలు’ అని ఒక జాబితానే ఇస్తారు. మీ అమ్మాయి ఏ సంస్థ ద్వారా వెళ్తున్నా అలాంటిదొకటి రాసుకోవాలి. మిమ్మల్ని ఏమని పిలవాలి? ఫ్రిజ్ నేనే తెరిచి తీసుకోవచ్చా, అడగాలా? ఉదయం బాత్రూమ్ ఎవరు ఎప్పుడు వాడతారు? నా బట్టలు నేనే ఉతుక్కోవాలా? ఇంటిపనిలో నా వంతేంటి? బయటికి వెళ్తే ఎవరికి చెప్పాలి, ఎన్నింటికల్లా రావాలి? వచ్చిన ఒకటి రెండు రోజుల్లోనే అడిగేస్తే ఎవరూ ఏమీ అనుకోరు. మూడు నెలలు ఊహించుకుంటూ గడిపాక అడగడమే కష్టం.

ఈలోపు సాధన చేయించండి. బంధువులో స్నేహితులో ఎవరింట్లోనైనా వారం ఉంచండి. మీరు ఫోన్ చేసి ఆమె తరఫున ఏదీ చెప్పకండి. ‘నాకు అర్థం కాలేదు, మళ్లీ చెప్తారా’, ‘నాకు ఒంట్లో బాగోలేదు’, ‘ఇది నాకు వద్దు’ అనే మూడు మాటలూ ఇంగ్లిష్‌లో తడుముకోకుండా వచ్చేదాకా పలికించండి.

మీకూ ఒక నియమం చెబుతాను. రోజూ గంటలకొద్దీ వీడియో కాల్ వద్దు. వారానికి ఒకటి రెండు సార్లు చాలు. మొదటి వారాల్లో, పండగ రోజుల్లో బెంగ పెట్టుకుని ఏడుస్తుంది. వినండి, కానీ వెంటనే హోస్ట్ అమ్మకు ఫోన్ చేసి నిలదీయకండి. ‘వాళ్లతో చెప్పావా? కోఆర్డినేటర్‌తో చెప్పావా?’ అని అడగండి. అయినా పొసగకపోతే ఇల్లు మార్చమని అడగొచ్చు. అందులో నామోషీ ఏమీ లేదు. రోటరీలోనైతే ఏడాదిలో ఒకటికి మించి ఇళ్లు మారడం మామూలే.

కొన్ని విషయాల్లో మాత్రం ఓపిక పట్టమని చెప్పకండి. ఒంటిమీద చెయ్యి వేయడం, బెదిరించడం, తిండి సరిగా పెట్టకపోవడం, పాస్‌పోర్ట్ లాక్కోవడం లాంటివి జరిగితే ఆ క్షణమే కోఆర్డినేటర్‌కు చెప్పాలి. అక్కడ స్పందన లేకపోతే సంస్థ ఎమర్జెన్సీ నంబర్, ఎక్స్ఛేంజ్ విద్యార్థుల కోసం అమెరికా విదేశాంగ శాఖ నడిపే హెల్ప్‌లైన్. ప్రాణాపాయమైతే 911. ఫోన్ పోయినా దొరికేలా ఈ నంబర్లు కాగితం మీద కూడా ఉండాలి. ‘ఎవరి గురించి చెప్పినా నిన్నే నమ్ముతాం’ అన్న మాట బయల్దేరేముందు మీ నోటి నుంచి ఆమె వినాలి.

సంతకం పెట్టేముందు ఆ సంస్థ అమెరికా విదేశాంగ శాఖ గుర్తింపు జాబితాలో ఉందో లేదో చూడండి. ఈ ఏడాది చదువును మీ స్కూల్ లెక్కలోకి తీసుకుంటుందా, లేక తిరిగొచ్చాక అదే తరగతి మళ్లీ చదవాలా అన్నది రాతపూర్వకంగా తీసుకోండి. అక్కడి స్కూల్‌లో మార్కుల ట్రాన్స్‌క్రిప్ట్ గురించి సెలవులకు ముందే అడిగిపెట్టుకోమనండి. వేసవిలో ఆఫీసు మూస్తే అది చేతికొచ్చేసరికి ఇక్కడ అడ్మిషన్ల గడువు దాటిపోవచ్చు.